టొకాయ్ సీసా చేతికొస్తే ఏం చేయాలంటే

బుడాపెస్ట్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ హంగేరీలోని టొకాయ్ ప్రాంతపు తీపి వైన్ అర లీటరు సీసా ఒకటి పట్టుకొచ్చాడు. లేబుల్ మీద హేట్‌సోలో అని ఉంది, హంగేరీ భాషలో ఏడు ద్రాక్షతోటలు అనట, ఏడుకొండల కింద పెరిగినవాళ్లం కదా, పేరుకే పడిపోయాను. 1502 నుంచి చరిత్ర చెప్పుకునే తోట అది, టొకాయ్ కొండ దక్షిణపు వాలు మీద ఉంటుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. సీసాని అటక మీద పెట్టి మర్చిపోయా. ఏప్రిల్ ఎండలకి బిరడా పైకి లేచి, పక్కనుంచి బంకలా కారింది, గోడ మీద చీమల బారు చూసేదాకా ఎవరికీ తెలీదు. తిరుపతి వేసవిలో అటకా వద్దు, బీరువా వద్దు, ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల అరలో పడుకోబెట్టేయండి.

తర్వాత లేబుల్. ఆసూ (బూజు పట్టి ముడుచుకున్న పండ్లతో చేసే తీపి రకం) అని ఉందా చూడండి, ఎందుకంటే ఫుర్మింట్ ద్రాక్షతో చేసే తీపి లేని వైన్లు కూడా టొకాయ్ పేరుతోనే వస్తాయి. బొద్రోగ్, తీసా నదులు కలిసే ఆ ప్రాంతంలో కోతల ముందు పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ. ఆ తేమకి బోట్రైటిస్ అనే బూజు పండు తోలుకి సన్న చిల్లులు పెడుతుంది, నీరు ఆరిపోయి తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. బూజు పట్టిన కాయని మనం గంప లోంచి తీసి పారేస్తాం, వాళ్లేమో ముడుచుకుపోయిన ఆ పండ్లనే గుత్తుల్లోంచి ఒక్కొక్కటిగా ఏరుకుని, రసంలోనో వైన్‌లోనో నానబెట్టి పిండుతారు.

లేబుల్ మీద పుట్టోన్యోష్ అనే మాట పక్కన అంకె ఉంటుంది. పుట్టోన్ అంటే కోతలప్పుడు వీపున మోసే తొట్టి, సుమారు 25 కిలోలు పడుతుంది. 136 లీటర్ల పీపాకి ఎన్ని తొట్ల పండ్లు కలిపారన్నదే పాత లెక్క. ఇప్పుడది తీపి కొలత: 5 అంటే లీటరుకి కనీసం 120 గ్రాముల చక్కెర, 6 అంటే 150. ఆ పండ్ల నుంచి దానంతటదే కారే చిక్కటి రసంతో చేసే ఎసెన్సియా అయితే 450, దాన్ని స్పూనుతో తీసుకుంటారు. షుగర్ ఉన్న మామయ్యకి మాత్రం సీసా చూపించి లోపల పెట్టేయండి.

ఫ్రిజ్ లోంచి తీసి పది నిమిషాలు ఆగి, చిన్న గ్లాసులో రెండు మూడు గుక్కలకి సరిపడా పోసుకుంటే చాలు. పక్కన పాలకోవా, జిలేబీ పెట్టారంటే పోయినట్టే, వైన్ కంటే తీపి ఎక్కువున్నది ఏది తిన్నా నోట్లో ఉత్త పులుపే మిగులుతుంది. మా ఇంట్లో రాగిసంకటి, నాటుకోడి పులుసు అయ్యాక, నాలుక ఇంకా చుర్రుమంటుండగా, ఉప్పు చల్లిన వేయించిన జీడిపప్పుతో తాగాం. భలే కుదిరింది. మిగిలింది బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఆగుతుంది.

ఇంకోటి, ఎవరైనా విదేశం నుంచి తెస్తుంటే రేణిగుంటలో దిగి బ్యాగుతో నేరుగా దర్శనానికి పోనివ్వకండి. కొండ మీదికి మద్యం నిషేధం, అలిపిరి దగ్గర సామాను మొత్తం తనిఖీ చేస్తారు. ముందు ఇంటికొచ్చి సీసా దించి వెళ్లమనండి.