వేసవి శిబిరంలో పిల్లల చేత చిట్టా రాయించడం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఏటా ఎండాకాలం సెలవుల్లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు పది రోజులు వ్యాపారం, డబ్బు సంగతులు చెబుతాను. మీ పేటలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని నా పద్ధతి రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ఇళ్లకు పంపేయండి. ఆ తర్వాత మన ఎండకు ఎవరి బుర్రకూ ఏమీ ఎక్కదు. పిల్లలు జట్లుగా చేసే చిన్న చిన్న అమ్మకాలు సాయంత్రం ఐదున్నర దాటాకే. ఇరవై మందిని మించి తీసుకోవద్దు, ఐదుగురు చొప్పున నాలుగు జట్లు చాలు.

మొదటి రోజే గిరాకీ, సరఫరా అంటూ బోర్డు మీద గీతలు గీయకండి. ఆ అమ్మకాలకు పెట్టుబడిగా జట్టుకు 500 రూపాయలు అప్పు ఇవ్వండి. ప్రామిసరీ నోటు రాయించి అందరి చేతా సంతకాలు పెట్టించండి. వడ్డీ రెండు రూపాయలు. ఏడాదికి అది ఎంత శాతమో అడగండి. సగం మంది రెండు శాతమే అంటారు. మన దగ్గర ఆ మాటకు అర్థం నూటికి నెలకు రెండు రూపాయలని, అంటే ఏడాదికి 24 శాతమని వాళ్లే లెక్కేసి తెలుసుకోవాలి. బ్యాంకు ఏడాది లెక్క చెబుతుంది, బజారు నెల లెక్క చెబుతుంది. ఈ తేడా తెలియకుండా డిగ్రీ పూర్తి చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

రెండో రోజు మొత్తం రోజువారీ ఫైనాన్సుకే కేటాయించండి. పది వేలు అప్పని చెప్పి వెయ్యి ముందే పట్టుకుంటారు, చేతికొచ్చేది తొమ్మిది వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "తొమ్మిది వేలకు వెయ్యేగా మేడమ్, పదకొండు శాతం" అంటారు పిల్లలు. అక్కడ ఆపి, రోజుల వారీగా మిగిలిన అసలు ఎంతో వేయించండి. యాభయ్యో రోజుకే దాదాపు సగం తీరిపోయి ఉంటుంది. అంటే వంద రోజుల్లో సగటున వాళ్ల దగ్గర ఉన్నది నాలుగున్నర వేల పైచిలుకే. దాని మీద వెయ్యి వడ్డీ, అదీ మూడు నెలల పది రోజులకు. ఏడాదికి లెక్కగడితే 75 శాతం దాటుతుంది. పోయినేడు ఈ లెక్క తేలాక వెనక వరసలో ఒకబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల నాన్నది పండ్ల బండి. మర్నాడు వాళ్లమ్మ డ్వాక్రా పుస్తకం తెచ్చి, రోజువారీ ఫైనాన్సు వడ్డీ, డ్వాక్రా వడ్డీ పక్కపక్కన రాసి నాకు చూపించాడు. ఎవరింట్లో అప్పులున్నాయో మీరై మీరు మాత్రం అడగకండి.

యార్డుకు తీసుకెళ్లేటట్లయితే ముందే కనుక్కోండి. మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు, తేదీలు ఏటా ఒకేలా ఉండవు. ఘాటుకు దగ్గొస్తుంది కాబట్టి మూతికి గుడ్డ తప్పనిసరి. అక్కడ ఒక్కటే పని చెప్పండి. ఒకే రోజు వచ్చిన రెండు తేజ రకం మిర్చి లాట్లకు రెండు ధరలు ఎందుకు పలికాయో కాయలు పట్టుకుని చెప్పాలి. రంగు, తడి, తాలు కాయలు (రంగు వెలిసి తెల్లబారినవి), ఈ మూడూ వేలికి తగిలితే ధర ఎలా పుడుతుందో వేరే చెప్పక్కర్లేదు. తిరిగొచ్చాక, రైతు ఇవాళే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని వాదించుకోనివ్వండి. బస్తాకు అద్దె, పెట్టుబడి మీద పెరిగే వడ్డీ కలిపాకే ఏదైనా మాట్లాడాలని షరతు పెట్టండి.

నాలుగో రోజు నుంచి అమ్మకాలు. రోజూ చిట్టా, అంటే ఆ రోజు రాకపోకల లెక్క రాయాలి, రెండు రోజులకోసారి ఆవర్జాకు, అంటే పద్దుల వారీగా రాసే పుస్తకానికి ఎక్కించాలి. చేతికొచ్చిన నగదు వేరు, ఫోన్‌పేలో పడినది వేరు. అరువు ఇస్తే ఎవరికిచ్చారో పేరు.

ఒక జట్టు పార్కు గేటు దగ్గర మజ్జిగ పెట్టింది. గ్లాసు పది రూపాయలు, అరవై గ్లాసులు, 600 జమ. పెరుగు 190, ఐసు 50, గ్లాసులు 60, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మకాయలు 60. మిగులు 240 అని ఎగిరి గంతులేశారు. ఐదుగురు, మూడేసి గంటలు. గంటకు ఎంత పడిందో చూడమన్నాను. పదహారు రూపాయలు. మరి మజ్జిగ చిలికిందెవరు? ఒకబ్బాయి వాళ్లమ్మ. "అమ్మకు కూలేంటి మేడమ్?" అన్నాడు వాడు. పక్కనున్న అమ్మాయి, "మా అమ్మ మిరపకాయల తొడిమలు తీయడానికి కూలికెళ్తుంది. ఇంట్లో చేస్తే మాత్రం పని కాదా?" అంది. ఆ పూట నేనింకేమీ చెప్పలేదు. వాళ్లే చిట్టాలో 'అమ్మ కూలి' అని ఒక పద్దు తెరిచారు.

నష్టం వచ్చిన రోజు మీరు ఎలా ఉంటారన్నదే అన్నింటికన్నా ముఖ్యం. మొదటి ఏడాది ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి జనం రాలేదు, ఐసంతా కరిగిపోయింది, ఒక జట్టుకు 140 పోయింది. జాలిపడి ఆ మేరకు అప్పు నేను కొట్టేశాను. మర్నాడు ఆ జట్టే ఆకాశం వైపు చూడకుండా రెండింతల ఐసు కొనుక్కొచ్చింది. మిగతా జట్లేమో మాకెందుకు కొట్టేయలేదని నిలదీశాయి. తప్పు నాదే. ఇప్పుడు నష్టం పద్దు అలాగే ఉంచి గడువు మాత్రం పెంచుతాను. ఇంటి నుంచి డబ్బు తెచ్చి పూడ్చడం కుదరదని మొదటి రోజే గట్టిగా చెబుతాను. లేకపోతే ఉన్నవాళ్ల పిల్లలకు నష్టం అంటుకోదు, లేనివాళ్ల పిల్లలు తల దించుకుంటారు. ఇంకో సాయంత్రం నిలబడి అమ్ముకుని తీర్చుకోవాలి, అంతే.

ఆఖరి రోజు తల్లిదండ్రులను పిలవండి. ప్రతి జట్టూ తన ఆవర్జా పైకి చదవాలి. అసలు 500, పది రోజుల వడ్డీ మూడు రూపాయల ముప్పై మూడు పైసలు లెక్కగట్టి ఇవ్వాలి. చిల్లర లేదని వదిలేయకండి, మూడు రూపాయలు తీసుకుని మిగతాది ఎందుకు వదిలారో రాయించండి. తీర్చినవాళ్ల నోటు మీద 'చెల్లు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి.