నటులకు నమ్మకమైన మేనేజర్‌ని ఎలా వెతుక్కోవాలి?

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు దళారీని గుర్తుపట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. బస్సు దిగిన యాత్రికుడి పక్కన చేరి, "బ్రేక్ దర్శనం ఇప్పిస్తాను, సిఫారసు లేఖ నా దగ్గరే ఉంది" అనేవాడి మాటతీరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉంటాం. అలాంటి ఊరివాణ్ణయి ఉండి, ఎనిమిదేళ్ల కిందట బస్టాండుకు ఎదురుగా ఉన్న ఒక లాడ్జి గదిలో, నటుల మేనేజర్‌నని చెప్పుకున్న ఒకాయనకు ఆరు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. మంచం మీద పేరున్న హీరోలతో తాను దిగిన ఫొటోలు పేకముక్కల్లా పరిచాడు. పోర్ట్‌ఫోలియోకు, అంటే వేషాల కోసం చూపించుకునే ఫొటోల సంపుటికి, పద్దెనిమిది వేలవుతుందని, సగం ఇప్పుడిస్తే వచ్చే నెలలోనే సీరియల్ అని చెప్పాడు. నా దగ్గర ఉన్నవి ఆరే. రశీదు అడిగితే "మన మధ్య రశీదులేమిటి తమ్ముడూ" అని భుజం తట్టాడు. షూటింగులో టీ అందించే కుర్రాడికి కూడా హీరోతో ఫొటో దొరుకుతుందని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇప్పుడు చిన్నవో పెద్దవో వేషాలు వేస్తున్నాను, నాకూ ఒక మేనేజర్ ఉన్నాడు. ఈ దారిలో నేర్చుకున్నదంతా ఒకటే పని చుట్టూ తిరుగుతుంది: డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎప్పుడు వెళ్తోందో చూడటం.

1. అసలు ఇప్పుడు అవసరమా?

ముందు ఎవరు ఎవరో తెలుసుకోండి. కాస్టింగ్ డైరెక్టర్ నిర్మాణ సంస్థ తరఫున నటుల్ని వెతుకుతాడు, అతనికి జీతం ఇచ్చేది వాళ్లే. కోఆర్డినేటర్ చిన్న వేషాలకు మనుషుల్ని సమకూర్చి ఆ పనికి ఆ పనికే కమిషన్ తీసుకుంటాడు. మేనేజర్ మీ మనిషి. డేట్లు, అంటే షూటింగు తేదీలు, చూస్తాడు, పారితోషికం మాట్లాడతాడు, రావలసిన బాకీ వసూలు చేస్తాడు. కాస్టింగ్ డైరెక్టర్ మీ దగ్గర డబ్బు అడిగితే ఇక మాట్లాడటానికేమీ లేదు, లేచి వచ్చేయండి.

నెలకొక ఫోను కూడా రాని దశలో మేనేజర్ చూసుకోవడానికి ఏమీ ఉండదు. రెండు షూటింగుల డేట్లు ఒకదానిమీద ఒకటి పడటం మొదలైనప్పుడు, చేసిన పనికి డబ్బు అడగటానికి నోరు రానప్పుడు వెతకండి. అంతవరకు ఒక నిమిషం పరిచయ వీడియో, మేకప్ లేని మూడు నాలుగు ఫొటోలు చాలు. వీడియోలో మన యాసలో కొన్ని మాటలు, పుస్తకాల తెలుగులో కొన్ని మాటలు చెప్పండి. చిత్తూరు యాసకు ఈమధ్య తెరమీద గిరాకీ ఉంది. ఆ యాస ఒక్కటే వచ్చుననుకుంటే మాత్రం ఎప్పుడూ ప్రతినాయకుడి పక్కన కత్తి పట్టుకుని నిలబడే వేషాలే వస్తాయి.

2. ఎక్కడ వెతకాలి?

ప్రకటనల్లో వద్దు. పని చేస్తున్న నటుల్ని, సహాయ దర్శకుల్ని, షూటింగు ఏర్పాట్లు చూసే ప్రొడక్షన్ మేనేజర్లను అడగండి. ఎవరు డేట్లు సరిగా ఇస్తారో, ఎవరు చివరి నిమిషంలో చేతులెత్తేస్తారో ప్రొడక్షన్ మేనేజర్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తిరుపతి మహతి ఆడిటోరియంలో నాటకాలు వేసే పెద్దల్లో ఇద్దరు ముగ్గురికైనా హైదరాబాదులో తెలిసినవాళ్లుంటారు.

సాయంత్రం నారాయణాద్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. ఆ ఒక్క ప్రయాణం ఖర్చు పెట్టుకోండి. ఫిలింనగర్, కృష్ణానగర్ వైపు ఫలానా మేనేజర్ ఆఫీసు ఉందన్నారంటే వెళ్లి చూడండి. పెద్ద ఆఫీసు ఉండాలని కాదు, చెప్పిన చోట మనిషి ఉన్నాడా లేడా అన్నదే ముఖ్యం.

3. కాగితాలు తిరగేయడం

జీఎస్టీ నంబరు ఉందంటే అడిగి తీసుకోండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఏ పేరుమీద ఉందో, రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అని చెబితే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పేరు వెతకండి. ఆదాయం తక్కువగా ఉన్న మేనేజర్‌కు జీఎస్టీ లేకపోవడం తప్పు కాదు. ఉందని చెప్పి నంబరు ఇవ్వకపోవడమే తప్పు.

4. అతని నటులతో మాట్లాడటం

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. ప్రస్తుతం అతను చూస్తున్న ఇద్దరితో మాట్లాడండి, అతన్ని వదిలి వెళ్లిన ఒకరితో తప్పకుండా మాట్లాడండి. "మంచివాడేనా?" అని అడగకండి. మంచివాడేనండీ అంటారు, ఫోను పెట్టేస్తారు. "మీ చివరి పారితోషికం షూటింగు అయ్యాక ఎన్ని రోజులకు చేతికొచ్చింది? నిర్మాత నుంచి నేరుగా వచ్చిందా, ఆయన ద్వారానా?" అని అడగండి. నేను ఇలా అడిగినప్పుడు ఒక నటి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ సంగతి వదిలేయండన్నా" అంది. ఆ మేనేజర్‌తో నా పని అక్కడితో అయిపోయింది.

అతనితో కూర్చున్నప్పుడు, తాను చూసే నటులకు వద్దని తిప్పి పంపిన వేషం ఏదైనా ఉందా అని అడగండి. కాదనడం తెలియని మేనేజర్ కమిషన్ కోసం ఏ గోతిలోకైనా దించుతాడు.

5. లెక్క ముందే రాసుకోవడం

కమిషన్ సాధారణంగా 10 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది, అదీ పని జరిగి డబ్బు వచ్చాకే. ఒక ఉదాహరణ. పారితోషికం 60,000 అనుకోండి. నిర్మాత 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద 6,000 మినహాయించి 54,000 వేస్తాడు. కమిషన్ 15 శాతం అయితే 9,000. మేనేజర్‌కు జీఎస్టీ ఉంటే దానిమీద 18 శాతం, అంటే ఇంకో 1,620. మీ చేతిలో మిగిలేది 43,380. టీడీఎస్ కింద పోయిన 6,000 మీ డబ్బే, రిటర్ను వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. కమిషన్ 60,000 మీదా, 54,000 మీదా అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

డబ్బు మీ ఖాతాలో పడాలి, మీరు అతనికి కమిషన్ పంపాలి. దీనికి ఒప్పుకోనివాడితో బేరం వద్దు. నిర్మాత మీ పాన్ మీద టీడీఎస్ కడితే ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మీ పన్ను జమల పట్టికలో ఆ మొత్తం కనిపిస్తుంది. మేనేజర్ చెప్పిన అంకె, అక్కడున్న అంకె ఒకటేనా అని అప్పుడప్పుడు చూసుకోండి.

నేను నటిస్తానన్న రోజే మా అమ్మ చిత్తూరు నాగయ్యగారి సంగతి ఎత్తింది. తన కాలంలో భారీ పారితోషికం అందుకున్న నటుడు, దానధర్మాలూ సొంత నిర్మాణాలూ పోగా 1973లో కన్నుమూసేనాటికి చేతిలో ఏమీ మిగలనివాడు. ఆ భయంతోనే లెక్కల పుస్తకం అమ్మే కొనిచ్చింది. ఇప్పటికీ అందులోనే రాస్తున్నాను.

6. ఒప్పంద పత్రం

మొదటిసారి ఏడాదికి మించి సంతకం పెట్టవద్దు. ఏయే భాషలకు వర్తిస్తుందో రాయించండి. తిరుపతి నుంచి హైదరాబాదు కన్నా చెన్నై దగ్గర. తమిళంలో వేషం మీ అంతట మీరు తెచ్చుకుంటే తెలుగు మేనేజర్‌కు వాటా ఉంటుందా లేదా అన్నది కాగితం మీద ఉండాలి. ఒప్పందం ముగిశాక కూడా ఇంకెవరి ద్వారానూ నటించకూడదని రాసే షరతు భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. అయినా అలాంటి షరతు పెట్టినవాడి బుద్ధి అక్కడే తెలిసిపోతుంది. మీ తరఫున సంతకాలు చేసే అధికారపత్రం ఇవ్వకండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు సంతకం చేసిన ఒప్పందం చెల్లదు, తల్లిదండ్రులే మాట్లాడాలి. ఒకసారి న్యాయవాదికి చూపించండి, లాడ్జి గదిలో నేను పోసిన దానికన్నా తక్కువే అవుతుంది.

ఆడపిల్లలకు మరో మాట. కలుసుకోవడం పగటిపూట, ఆఫీసులోనే. వెంట ఒకరిని తీసుకెళ్లడానికి అభ్యంతరం చెప్పేవాడి దగ్గరికి వెళ్లనే వద్దు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం సినిమా సెట్లకూ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

7. విడిపోవలసి వస్తే

ఒప్పందంలో రాసుకున్న గడువు ప్రకారం నోటీసు మెయిలులో పంపండి. అప్పటికే ఒప్పుకున్న వేషాల కమిషన్ ఎగ్గొట్టవద్దు, అది అతని కష్టం. ఆ తర్వాత మీరు పనిచేసిన ప్రతి నిర్మాణ సంస్థకూ ఫలానా తేదీ నుంచి డేట్ల కోసం నేరుగా ఈ నంబరుకు ఫోను చేయమని రెండు వాక్యాల సందేశం పంపండి. నేను నా మొదటి మేనేజర్‌ని వదిలినప్పుడు ఈ సందేశం పంపడం మరిచాను. నాలుగు నెలలపాటు నాకొచ్చిన పిలుపులకు ఆయన "అతను ఊళ్లో లేడండీ" అని చెబుతూ వచ్చాడట.