మరక కింద, లీకు పైన

కారు కింద రోజూ అరచేతంత ఆయిల్ మరక. చూసినవాళ్లంతా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గ్యాస్కెట్, అంటే అతుకు దగ్గర ఆయిల్ కారకుండా వేసే సీలు, పోయిందన్నారు. కానీ ఆయిల్ పైనెక్కడో కారి, జారుకుంటూ వచ్చి కింద చుక్కలుగా పడుతుంది కదా! అందుకే ముందు జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో ఇంజిన్ శుభ్రంగా కడిగి, ఆరాక 20 నిమిషాలు నడిపి, టార్చ్ వేసి చూశాను. ఇంజిన్ పైన మూతలా ఉండే వాల్వ్ కవర్ వెనక మూలన సన్నటి తడి గీత మెరుస్తోంది. విప్పితే గ్యాస్కెట్ రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిపడిపోయింది, వంచగానే పుటుక్కున విరిగింది.

కొత్తది వేశాక బోల్టులు మధ్య నుంచి చివరలకు, కొంచెం కొంచెంగా బిగించాను. బలంకొద్దీ బిగిస్తే కవరే పగలొచ్చు. ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలించే పీసీవీ వాల్వ్ కూడా జిడ్డుతో మూసుకుపోయి ఉంది. ఆ ఒత్తిడి బయటికి పోకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది, అందుకే దాన్నీ మార్చేశాను. 3 వారాలైంది, కింద పరిచిన అట్టముక్క పొడిగానే ఉంది.