శాలువాలు వదిలేసి ఆట గురించి రాయండి

హైదరాబాదులో జరిగిన నాటకం గురించో నాట్య ప్రదర్శన గురించో మరునాడు వచ్చే వార్త చూడండి. ముఖ్య అతిథి పేరు, ఆయన హోదా, జ్యోతి వెలిగించినవారు, సన్మానం అందుకున్నవారు, సంస్థ అధ్యక్ష కార్యదర్శులు. ఆఖరున ఒక్క వాక్యం: ప్రదర్శన ఆద్యంతం ఆకట్టుకుంది. ఆకట్టుకున్నదేమిటో ఆ సాయంత్రం రాలేకపోయినవాడికి తెలిసే దారి లేదు.

మా చిన్న మాసపత్రికకు సమీక్షలు రాస్తామని వచ్చే యువతీయువకులకు నేను మొదట చెప్పేది ఇదే. శాలువా ఎవరు కప్పారో మనకు అనవసరం. వేదిక మీద ఏం జరిగింది, ఎక్కడ పండింది, ఎక్కడ చెడింది, అది రాయండి. చదివినవాడు మీతో వాదించగలిగేలా రాయండి. అద్భుతం అంటే ఎవరూ వాదించలేరు. "రెండో రంగంలో తండ్రి పాత్రధారి కోపం రాకముందే గొంతు పెంచేశాడు" అనండి, ఆ రోజు నాటకం చూసిన ఇంకొకరు కాదని చెప్పడానికి ముందుకొస్తారు. ఊళ్లో కళ గురించి మాట మొదలయ్యేది అప్పుడే.

ఏ హాలుకు వెళ్తున్నారో ముందు చూసుకోండి, ఎందుకంటే హాలును బట్టి ఆట మారుతుంది. ఠాగూరు శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి వేదిక విశాలమైనది. ఇద్దరు మనుషుల నాటికను దాని మీద పెడితే సగం చోటు ఖాళీగా మిగులుతుంది. దర్శకుడు దీపాలతో ఆ చోటును కుదించాడా, నటులను మైకుల దగ్గర నిలబెట్టి వదిలేశాడా అన్నది మీ సమీక్షలో ఉండాలి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ ఆరుబయటి ప్రాంగణం, ప్రేక్షకుడు చెయ్యి చాపితే అందేంత దగ్గర. అక్కడ నాటిక పోటీలు పెట్టే పరిషత్తుల బాణీలో డైలాగు విసిరితే తగవులాడుతున్నట్టే వినిపిస్తుంది.

ముందు వరుస అతిథులకు వదిలేయండి. ఎత్తయిన వేదిక అంచు అడ్డొచ్చి అక్కడి నుంచి నర్తకి పాదాలు సరిగా కనిపించవు. నాట్యానికి మధ్య వరుసలు మేలు. పద్యనాటకానికైతే స్పీకరుకు దూరంగా జరగండి, లేకపోతే మీకు హార్మోనియమే తప్ప పద్యం వినిపించదు. ఆహ్వానపత్రం మీద ఆరు గంటలని ఉన్నా ఉపన్యాసాలయ్యాక గానీ తెర లేవదు. ఆ ఆలస్యం గురించి సమీక్షలో ఏడవకండి. ప్రదర్శన మధ్యలో ఆపి సన్మానం చేశారనుకోండి, అది మాత్రం తప్పక రాయండి. అప్పుడది ఆటలో జరిగిన సంగతి. తెగిన రసాన్ని నటులు మళ్లీ ఎలా అందుకున్నారో కూడా చూడాలి.

వెళ్లేముందు మూలం చదవండి. కన్యాశుల్కం ఆడుతున్నారంటే 1909 నాటి పెద్ద ప్రతిని ఒక సాయంత్రంలో ఇమిడ్చి ఉంటారు. ఏ రంగాలు ఉంచారు, ఏవి కోసేశారు అన్నదాంట్లోనే దర్శకుడి అభిప్రాయం ఉంది. గిరీశం నవ్వులన్నీ మిగిల్చి లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి బాధను తీసేస్తే అది వేరే నాటకం. మూలం చదవనివాడికి ఆ కోత కనిపించదు. హరిశ్చంద్ర కాటిసీనులోనూ అంతే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతానిది, ఆ సీనులో జనం చెవులు రిక్కించి వినే శ్మశానం పద్యాలు జాషువావి. అన్నీ ఒకరి ఖాతాలో వేస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది.

పద్యం దగ్గర రాగం పేరు గుర్తుపట్టడం పెద్ద ఘనకార్యం కాదు. పద్యంలో మాట తెలిసిందా? సమాసం మధ్యలో ఊపిరి తీసుకుని అర్థాన్ని విరిచేశాడా? ఆలాపన సాగుతున్నంతసేపూ ఆ పద్యం వింటున్న రెండో పాత్ర ఏం చేస్తోంది? నా కన్ను ఎప్పుడూ అటే పోతుంది. రాయబారం సీనులో కృష్ణుడు పాడుతుంటే దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ తన వంతు కోసం ఎదురుచూస్తే, ఎంత గొప్ప గాత్రమైనా అది కచేరీయే అవుతుంది. ప్రతి పద్యానికీ లోపల మండుతూ, బయటికి నవ్వుతూ కూర్చున్నవాడే నటుడు. వన్స్ మోర్ అని జనం అరిస్తే ఆ సంగతీ రాయండి. రెండోసారి పాడినప్పుడు పాత్రగానే పాడాడా, ప్రేక్షకులకు నమస్కారం పెట్టి పాడాడా?

నాట్యం విషయంలో చాలామంది భయపడతారు, శాస్త్రం తెలియదని. నేను గాత్రం కొంత నేర్చుకున్నాను, నాట్యం నేర్చుకోలేదు. అడవులు అనే నాట్యపు అడుగుల పేర్లు తెలియకపోయినా మనిషి ముఖం, మెడ, చూపు చదవడం తెలిస్తే మొదలుపెట్టవచ్చు, పేర్లు నిదానంగా వస్తాయి. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా జడ వేయడం గురించి, పాత్ర రంగం మీదికి వచ్చే పాట అయిన ప్రవేశ దరువు గురించి అందరూ రాస్తారు. నేను ఎదురుచూసేది చెలికత్తె మాధవి సత్యభామను భర్త పేరు చెప్పమని అడిగే ఘట్టం కోసం. పేరు చెప్పడానికి సత్యకు సిగ్గు. అయితే అది ఎవరి సిగ్గు? తనంత అందగత్తె లేదని ఇందాకే చాటుకున్న స్త్రీ సిగ్గు. నిన్నమొన్న పెళ్లయిన పిల్లలా పైట అంచు కొరికితే పాత్ర చేజారినట్టే. గర్వం తగ్గించకుండా సిగ్గుపడగలిగినవాళ్లు తక్కువ. అలాంటి నర్తకి దొరికితే మెడ ఎటు తిరిగింది, చూపు ఎక్కడ ఆగింది, మాధవి మాట ముగియకముందే కదిలిందా తర్వాతా, ఇవన్నీ రాయండి. విశేషణాలు వాటంతటవే అనవసరమైపోతాయి. స్త్రీపాత్రలకు పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామను కళ్లారా చూడనివాళ్లు మాత్రం ఆయనతో పోల్చే సాహసం చేయకండి.

కూచిపూడిలోనే కృష్ణుడి మీద ఆడే తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం ఎక్కగానే చప్పట్లు మొదలవుతాయి. ఆ సందడిలో మీరు చూడవలసింది ఒకటుంది. అంతవరకు వెన్న తిన్న పసివాడు, యశోద ముద్దు చేసిన బిడ్డ, పళ్లెం ఎక్కాక ఉన్నాడా? తాళం మిగిలి కృష్ణుడు మాయమైతే ఆ మాట రాయాలి. రికార్డు మీద ఆడితే అదీ చెప్పాలి. వాద్యబృందం ఖర్చు భరించలేని నర్తకులు ఎందరో ఉన్నారు, వారిని చిన్నబుచ్చవద్దు. అయితే రికార్డు ఎవరి కోసమూ ఆగదు. ఒక సంచారిని, అంటే భావాన్ని విస్తరించే అభినయాన్ని, ఇంకో తాళావర్తనం పొడిగించాలని ఆ క్షణంలో అనిపించినా నర్తకికి వీలుండదు. ఆ లోటు చూసేవారికి తెలుస్తుంది. ప్రత్యక్ష సంగీతమైతే నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్ ఎవరివో పేర్లు సరిచూసుకుని వేయండి. అతిథుల పేర్లకు పేరాలు ఇచ్చి మృదంగం వాయించినవారిని మరచిపోవడం మన దగ్గర పాత జబ్బు.

వ్యాఖ్యాత మైకులో చెప్పిన చరిత్రను అలాగే ఎక్కించకండి. పేరిణి నృత్యం మొదలుకాగానే కాకతీయుల నాటి నుంచి అవిచ్ఛిన్నంగా వస్తున్నదని వినిపిస్తుంది. ఈనాడు మనం చూస్తున్న పేరిణిని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పునర్నిర్మించారు. పదమూడో శతాబ్దపు జాయపసేనాని నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆయనకు ఆధారం. ఆ మాట చెబితే కళ విలువ తగ్గదు, ఒక మనిషి పడిన శ్రమ లెక్కకు వస్తుంది.

సురభివారి ఆటకు వెళ్తే బాణాలు గాలిలో ఢీకొనడం, మబ్బుల్లోంచి నారదుడు దిగడం చూసి చిన్నపిల్లలైపోవడం సహజం. కావలసినంత ఆనందించండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబం, ఇప్పుడు శేరిలింగంపల్లిలో కాలనీగా స్థిరపడింది, ఇదంతా ఇప్పటికే అచ్చయి ఉంది. సమీక్షకుడు మళ్లీ మళ్లీ తాళ్లూ తెరలూ వర్ణిస్తూ కూర్చుంటే అక్కడి నటులకు అన్యాయం. మాయాబజార్‌లో మాయాశశిరేఖ వేషం వేసిన అమ్మాయి ఘటోత్కచుడి నడకను చీరలో ఎలా దాచుకుంది, ఎక్కడ బయటపెట్టింది, దాన్ని గురించి రాసినవారు అరుదు.

పరిషత్తు నాటికల విషయం పొడిగా చెబుతాను. గంట లోపు ముగించాలి, బహుమతి రావాలి. అందుకే చాలా నాటికలు చివర ఒకే ఒక పెద్ద ఏకపాత్ర ఘట్టం మీద వాలిపోతాయి. ఉత్తమ నటుడు అక్కడే తయారవుతాడు. ఆ ఘట్టం తీసేసి మిగతాది నిలబడుతుందా అని ఊహించి రాయండి, చాలు.

చీకట్లో ఫోను వెలిగించవద్దు. చిన్న పుస్తకంలో కొక్కిరిబిక్కిరిగా రాసుకున్నా సరే, చూసిన పనిని రాసుకోండి. "బాగుంది" అని రాసుకుంటే ఇంటికెళ్లాక ఏం బాగుందో గుర్తుకురాదు. "ఉత్తరం మడిచి మళ్లీ విప్పింది" అని ఉంటే ఆ రంగమంతా వెనక్కి వస్తుంది. రాత్రికే మొదటి ప్రతి రాసి, పొద్దున సగం కొట్టేయండి.

ఆట అయ్యాక మేకప్ గది దగ్గర నటుడు ఎదురై "ఎలా ఉందండీ?" అంటాడు. అలసిపోయిన మనిషికి అప్పుడు తీర్పు చెప్పకండి, అబద్ధమూ చెప్పకండి. ఒక ప్రశ్న అడగండి: "ఆ గొడవ మధ్యలో మీరు కుర్చీ సర్ది కూర్చున్నారు కదా, అది దర్శకుడు చెప్పిందేనా?" అని. మనం నిజంగా చూశామని ఆయనకు తెలుస్తుంది, మీకూ ఒక రహస్యం దొరుకుతుంది. స్నేహితులతో చర్చ బయట టీ దుకాణం దగ్గర పెట్టుకోండి, ఇష్టాయిష్టాలకు ముందు ఎవరికి ఏం కనిపించిందో చెప్పించండి. ఒకే చూపు ఇద్దరికి రెండు రకాలుగా కనిపించిన చోట ఆగి తేల్చుకోండి.

పిల్లల రంగప్రవేశాలను సమీక్షించవద్దు. అది కుటుంబం వేడుక. వెళ్లి దీవించి రండి. మీ బంధువులు, మీకు పాఠం చెప్పిన గురువులు ఆడితే ఇంకొకరిని రాయమనండి. టిక్కెట్టు పెట్టి ఆడే బృందాలకు మొహమాటం అక్కరలేదు.

అచ్చయ్యాక ఫోన్లు వస్తాయి. దర్శకుడి కోపం విని ఊరుకోండి. మృదంగ విద్వాంసుడు ఫోను చేసి, తాళం తప్పిందని మీరు రాసిన చోట అది కావాలనే వేసిన ఎదురు నడక అని వివరిస్తే మాత్రం కాగితం తీసుకుని రాసుకోండి. ఆ వివరణను వచ్చే సంచికలో ఆయన పేరుతో వేయండి. వినికిడికి అది అప్పటికీ తడబాటుగానే తోచి ఉంటే, కింద ఆ మాటా కలపండి.