తాబేళ్లు ఒడ్డెక్కే కాలం: విశాఖ తీరంలో ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లిందంటే విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే రోజులు వచ్చినట్టే. ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, భీమిలి వైపు ఇసుకలోనూ వస్తాయి, దక్షిణాన ముత్యాలమ్మపాలెం వైపూ వస్తాయి. మార్చి దాకా తల్లులు వస్తూనే ఉంటాయి. పిల్లలు బయటపడడం మే దాకా సాగుతుంది. ఒడిశాలో రుషికుల్య, గహిర్మాత తీరాల్లోలాగా లక్షల్లో ఒక్కసారిగా రావు, ఇక్కడ రాత్రికి ఒకటో రెండో. ఆ ఒకటీ రెండూ కూడా గుడ్లు పెట్టకుండా వెనక్కి పోతే మన తీరానికి మిగిలేది ఏమీ లేదు.

ఈ కాలంలో తెల్లవారుజామున బీచ్‌లో నడవడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. నేను చూసినంతలో గుడ్లు ఎత్తుకుపోయేవాళ్లు తక్కువ. ముచ్చటపడి, సాయం చేద్దామనుకుని, తెలియక చెరుపు చేసేవాళ్లే ఎక్కువ. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను.

రాత్రి పూట ఒడ్డున తాబేలు కనిపిస్తే మొదట చేయాల్సింది ఫోన్ లైటు ఆర్పేయడం. నీళ్లలోంచి పైకి పాకుతున్నప్పుడు అది చాలా బెదురుగా ఉంటుంది. ఎదురుగా వెలుగు పడినా, మనిషి కదిలినా, కుక్క మొరిగినా తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. అందుకని కదలకుండా, వీలైతే కింద కూర్చుని, దాని వెనకవైపే ఉండండి. వెనక తెడ్డుకాళ్లతో ఒకటిన్నర అడుగు లోతున కుండలాంటి గొయ్యి తవ్వి, నూరు దాకా గుడ్లు పెడుతుంది. టేబుల్ టెన్నిస్ బంతుల్లా తెల్లగా, గుండ్రంగా ఉంటాయి. తర్వాత ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ డిప్పతో దిమ్మిస కొట్టినట్టు నేలను చదును చేస్తుంది. నిశ్శబ్దంగా ఉంటే ఆ దబదబ చప్పుడు నాలుగు గజాల దూరానికి వినిపిస్తుంది. దాని కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి. నొప్పికి ఏడుస్తోందని చాలామంది దగ్గరికెళ్లి వీపు నిమురుతారు. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథుల పని. దానికి మన ఓదార్పు అక్కర్లేదు. గంట సేపు దాని జోలికి పోకుండా ఉంటే చాలు. పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి ఫొటో తీసే పని మాత్రం దయచేసి చేయకండి, నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

పొద్దున్నే వెళ్లేవాళ్లకు తాబేలు కంటే దాని జాడే ఎక్కువగా కనిపిస్తుంది. నీళ్ల దగ్గర మొదలై పైకి వెళ్లి, తిరిగి కిందికి దిగే రెండు వరసలు, ఇంచుమించు చిన్న ట్రాక్టరు చక్రం నడిచినట్టు. కుడి కాలు, ఎడమ కాలు మార్చి మార్చి వేసిన గుర్తులు ఉంటాయి. ఆ రెండు వరసలూ కలిసేచోట కలియబెట్టినట్టున్న ఇసుక కిందే గూడు. అక్కడ పుల్లతో పొడిచి చూడకండి. జాడను కాలితో చెరిపేయకండి, అటవీ శాఖ మనుషులకు గూడు దొరికేది ఆ గుర్తు పట్టుకునే. వాళ్ల నంబరు ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి, చోటు గుర్తులతో సహా చెప్పండి, కుక్కలు రాకుండా వాళ్లు వచ్చేదాకా కాపలా ఉండండి. ఊరి కుక్కలు ఒక గూడును పది నిమిషాల్లో తోడేస్తాయి. మీ పెంపుడు కుక్కను కూడా ఈ నాలుగు నెలలూ తాడు విప్పకుండా తిప్పండి.

"మేమే తీసి ఇంట్లో ఇసుక తొట్టెలో పెడదాం" అనే ఆలోచన అసలు వద్దు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లిందంటే పిండం చచ్చిపోతుంది, పైకి ఏమీ తెలియదు. అందుకే శిక్షణ ఉన్నవాళ్లు తెల్లారేలోపే, పైభాగం పైనే ఉండేలా తీసి సంరక్షణ కేంద్రంలో పూడుస్తారు. పైగా ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. గుడ్డు ముట్టినా నేరమే, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల దాకా ఉంటుంది.

ఇక లైట్లు. మన బీచ్ రోడ్డు విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ దీని గురించే.

గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి, అవి ఇసుక చల్లబడిన రాత్రి వేళ గుంపుగా పైకొస్తాయి. చీకట్లో సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది. ఆ వెలుగును పట్టుకునే నీళ్లు చేరతాయి. మన వైపు అంతకంటే పెద్ద వెలుగుంటే ఇటే వస్తాయి. ఒక మార్చి నెల తెల్లవారుజామున, తీరానికి ఆనుకుని ఉన్న ఒక తినుబండారాల దుకాణం ముందు చూశాను. రాత్రంతా వెలిగే ఫ్లడ్ లైటు కింద, ఇంకా వేడిగా ఉన్న సిమెంటు గచ్చు మీద అగ్గిపెట్టెంత పిల్లలు ముప్పై దాకా గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే రోడ్డు దాటబోయి నలిగిపోయాయి. దుకాణం కుర్రాడు పాపం చీపురు పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. లైటు ఆర్పమన్నాను. ఆర్పిన రెండు నిమిషాలకు బతికి ఉన్నవాటిలో సగం తలలు సముద్రం వైపు తిప్పాయి.

కాబట్టి తీరం పక్కన ఇళ్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు తిరిగిన లైట్లు రాత్రి పదింటికి ఆపేయండి. తప్పనిసరైతే నేల మీదికి మాత్రమే పడేలా రేకు మూత పెట్టి, తెల్ల బల్బు బదులు ఎర్రని లేదా ముదురు పసుపు రంగు బల్బు వేయండి. ఆ రంగులు తాబేళ్లను అంతగా లాగవు. సముద్రం వైపు కిటికీలకు మందపాటి తెర వేసినా ఎంతో మేలు. శివరాత్రి జాగరణ, మర్నాటి సముద్ర స్నానాలు సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి. ఆ రాత్రికి ఊరంతా బీచ్‌లోనే ఉంటుంది, వద్దనడానికి లేదు. అయితే గూళ్లకు కట్టిన వల కంచెల చుట్టూ కొంత మేర చీకటిగా వదిలేయమని పందిళ్లు వేసేవాళ్లను ముందే అడగొచ్చు, అడిగితే వింటారు కూడా.

దారితప్పిన పిల్లలు కనిపిస్తే బకెట్లో నీళ్లు పోసి అందులో వేయకండి. ఈదడానికి అవి దాచుకున్న బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. తడి ఇసుక పరిచిన బుట్టలో, గుడ్డ కప్పి, చీకట్లో ఉంచి అటవీ సిబ్బందికి అందించండి. ఎత్తి కెరటంలోకి విసరడం కూడా తప్పే. ఒడ్డు మీద ఆ నాలుగు గజాల నడక వాటికి కావాలి.

ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ మాట. ఏటా జనవరి, ఫిబ్రవరిలో చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వాటికి ఊపిరి తీసుకోవాలంటే నీటిపైకి రావాలి. బోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి కిందే ఉండిపోతే మునిగి చస్తాయి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు. అప్పటికి తల్లులు చాలావరకు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి నిషేధమే వీటిని కాపాడుతుందనుకుంటే పొరపాటు. తీరానికి దగ్గరగా ట్రాల్ వల లాగకపోవడం, వలకు తాబేలు తప్పించుకునే టెడ్ అనే చట్రం బిగించుకోవడం, వలను తక్కువ సేపు లాగి తరచుగా పైకి తీయడం, ఈ మూడూ ఇప్పుడే కావాలి. టెడ్ పెడితే చేప కూడా పోతుందన్న బాధ బోట్ల వాళ్లకు ఉంది, అది అబద్ధం కాదు. వలలో ఇరుక్కున్న తాబేలు వలను చింపి, పట్టిన చేపను చిదిపేస్తుందన్నదీ నిజమే.

బోటు నడిపే సరంగులు, బోటు మీద పనిచేసే కళాసీలు తప్పక గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. వలలో వచ్చిన తాబేలు కదలకపోతే చచ్చిందని వెంటనే నీళ్లలోకి తోసేయకండి. నీళ్లు మింగి స్పృహ తప్పి ఉండొచ్చు. అలాగే పడేస్తే తల పైకెత్తలేక మునిగిపోతుంది. పొట్ట కిందికి ఉండేలా డెక్కు మీద పడుకోబెట్టి, వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టండి, ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుంది. నీడలో ఉంచి, తడి గోనె కప్పండి. ముక్కు మీద గోనె పడకూడదు. కనీసం నాలుగు గంటలు, అవసరమైతే మర్నాటి దాకా చూడాలి. కళ్ల దగ్గర మెల్లగా తాకితే రెప్ప కదిపిందా, బతికే ఉంది. బాగా కదలడం మొదలయ్యాక, ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వలలు నీళ్లలో లేనప్పుడు, తల ముందుకు ఉండేలా బోటు వెనకవైపు నుంచి మెల్లగా దింపండి. కూర్మావతారమని దండం పెట్టి వదిలే పెద్దలు జాలారిపేటల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ నాలుగు గంటల ఓపిక తోడైతే చాలా ప్రాణాలు నిలబడతాయి.

మిగతావి చిన్నవే. చిరిగిన వల ముక్కలు సముద్రంలో పారేయకుండా ఒడ్డుకు తెచ్చేయండి. గెడ్డలు, అంటే వాగులు, సముద్రంలో కలిసేచోట వానాకాలం నుంచి పేరుకున్న సంచులు, సీసాలు జనవరికి ముందే తీయించండి. ఇసుక మీద బళ్లు తోలకండి, నెగళ్లు వేయకండి. మీ పిల్లలు ఆటకు తవ్విన గోతులు, కట్టిన ఇసుక ఇళ్లు ఇంటికెళ్లే ముందు చదును చేయించండి, రాత్రి పైకెక్కే తల్లి వాటిలో పడి తిరగబడగలదు.

చచ్చిన తాబేలు కనబడినా కబురు చెప్పండి. ఎక్కడ, ఏ తేదీన, ఒంటి మీద వల గాట్లున్నాయా అన్నది రాసుకుంటే ఏ వైపు బోట్ల వల్ల ముప్పో తెలుస్తుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో సంరక్షణ కేంద్రాల దగ్గర తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. మీ ఇంటి పిల్లల్ని తీసుకుని వెళ్లండి, తాడుకు ఇవతలే నిలబడండి, ఫ్లాష్ ఆపేయండి. అన్నీ వెళ్లిపోయాయనుకుని వెనక్కి తిరిగేముందు కాళ్ల దగ్గర ఒకసారి చూసుకోండి. వెనకబడినది ఒకటి ఎప్పుడూ అడుగు గుంటలో ఇరుక్కుని ఉంటుంది.