రాసిన కోడ్ చెరిపేస్తుంటే చెయ్యి తిరిగింది

ట్యుటోరియల్ వీడియోలు చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉండేది. ఖాళీ ఫైల్ ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఆడేది కాదు. నాకు పనిచేసిన మందు కోడ్ రిట్రీట్ పద్ధతి. శనివారాలు ఆఫీసు స్నేహితులం నలుగురం కూర్చుంటాం. లెక్క ఎప్పుడూ ఒక్కటే, గణితవేత్త కాన్వే 1970 నాటి 'గేమ్ ఆఫ్ లైఫ్': గళ్ల పలకలో ఒక్కో గడి తన చుట్టూ ఉన్న గడులను బట్టి పుడుతుంది, బతుకుతుంది, చస్తుంది. ఇద్దరికి ఒకే కీబోర్డు, 45 నిమిషాలు. టైమ్ అవగానే కోడంతా డిలీట్, జోడీ మార్పు. పూర్తికాలేదని గింజుకోకూడదు, ఎలాగూ పూర్తికాదు.

ఒకరు టెస్ట్, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న కోడ్ రాస్తారు; అసలు కోడ్ ఇంకా లేదు కాబట్టి అది ఫెయిలవుతుంది. రెండోవాళ్లు దాన్ని పాస్ చేయించి, ఇంకో టెస్ట్ రాసి కీబోర్డు ఇటు జరుపుతారు. మొదట్లో అందరం టూ-డీ అరేతోనే, అంటే అడ్డవరసలు, నిలువువరసల పట్టికతోనే మొదలెట్టేవాళ్లం. అంచు గడుల దగ్గరికొచ్చేసరికి 'ఇలా ఉంటే అలా చెయ్' అనే ఇఫ్‌ల మీద ఇఫ్‌లు. ఓసారి నాతో కూర్చున్న జూనియర్ అమ్మాయి, "అన్నా, బతికున్న గడుల కోఆర్డినేట్లు మాత్రం సెట్‌లో పెట్టుకుంటే చాలదా?" అంది. సెట్ అంటే వరస, హద్దు లేని జాబితా కాబట్టి ఇక అంచుల గొడవే లేదు! చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఎన్ని సెట్‌లో ఉన్నాయో చూడటమే: ఖాళీ గడికి సరిగ్గా మూడుంటే పుట్టుక, బతికున్నదానికి రెండో మూడో ఉంటే బతుకు, లేదంటే చావు.

దూరంగా ఉన్నవాళ్లతో వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఒకే ఫైల్‌ను ఇద్దరూ కలిసి ఆన్‌లైన్లో రాసుకునే లైవ్ షేర్‌లోనూ చేయొచ్చు. నన్నడిగితే పక్కన కూర్చోవడమే మేలు. అవతలివాళ్లు ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో తెలుస్తుంది.