ఇంట్లోనే టెన్నిస్ బాల్ మెషిన్ చేసుకోవడం ఎలా

రోజూ ఎదురుగా నిలబడి బంతులు వేసే మనిషి దొరకడం కష్టం, మంచి మెషిన్ కొందామంటే రేటు చూసి వెనక్కి వచ్చేయాలి, కానీ లోపల ఉండేది రెండు చక్రాలు, రెండు మోటార్లు, ఒక బకెట్, అంతే. 1920ల్లోనే ఫ్రాన్స్ ప్లేయర్ రెనె లకోస్త్ తన ప్రాక్టీస్ కోసం చేత్తో తిప్పే మెషిన్ తయారు చేసుకున్నాడు, ఇప్పుడు మనకి లేత్ షాపులు, ఈ-బైక్ మోటార్లు అన్నీ చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మొదటి నుంచి గుర్తుపెట్టుకోండి, మెషిన్ తో ఆడేది ఒకే షాట్ పదే పదే కొట్టడానికి, కాబట్టి బంతి ప్రతిసారీ అటూ ఇటుగా ఒకే చోట పడాలి, స్పీడ్ గొప్పలు ఆ తర్వాతే.

ముందు చక్రాలు. 8 అంగుళాల ట్రాలీ వీల్స్ రెండు తీసుకోండి, అల్యూమినియం కోర్ మీద రబ్బర్ వేసినవి అయితే బెస్ట్. ప్లాస్టిక్ కోర్ వి చవగ్గా వస్తాయి కానీ ట్రాలీ కింద మెల్లగా దొర్లడానికి చేసినవాటిని నిమిషానికి వెయ్యిన్నర సార్లు తిప్పుతున్నాం, ఇక్కడ కక్కుర్తి పడొద్దు. గాలి టైర్లు కూడా వద్దు, గాలి కాస్త తగ్గినా బంతి దారి మారిపోతుంది. చక్రం కొంచెం బరువుగా ఉంటేనే మంచిది, బంతి దూరి వెళ్ళినప్పుడు స్పీడ్ పెద్దగా పడిపోదు.

మోటార్ కి 24 వోల్టుల 250 వాట్ల ఈ-బైక్ మోటార్, ఎంవై1016 అని అడిగితే ఇస్తారు. చివర జెడ్ ఉన్నది ఇస్తే తీసుకోవద్దు, అది గేర్ బాక్స్ ఉన్న మోడల్, బాగా నెమ్మదిగా తిరుగుతుంది. మనకి కావలసింది డైరెక్ట్ గా 2600 ఆర్పీఎం (నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) పైన తిరిగేది. హైదరాబాద్ వాళ్ళు రాణిగంజ్, కోఠి వైపు చూడండి, విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ ఉండనే ఉంది. మోటార్ షాఫ్ట్ సన్నగా ఉంటుంది, వీల్ బెజ్జం పెద్దది, మధ్యలో బుష్ (ఆ ఖాళీ నింపే లోహపు గొట్టం) కావాలి, ఇది ఇంట్లో డ్రిల్ తో అయ్యే పని కాదు, వీల్, మోటార్ రెండూ లేత్ షాప్ కి పట్టుకెళ్ళి ఔట్ లేకుండా, అంటే చక్రం వంకర తిరగకుండా, చేసిపెట్టమనండి. తర్వాత నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగ్ ఉండి వదులవ్వనిది) వేసి బిగించండి, ఎందుకంటే ఒక మోటార్ ఎటూ ఉల్టా తిరగాలి, మామూలు నట్ అయితే వదులైపోతుంది.

ఫ్రేమ్ కి 18 ఎంఎం ప్లైవుడ్ చాలు, లేదంటే ఇనుప (ఎంఎస్) యాంగిల్ వెల్డింగ్ చేయించుకోండి. వీల్స్ ఒకదాని మీద ఒకటి వస్తాయి, సెంటర్ నుంచి సెంటర్ కి దాదాపు 25 సెంటీమీటర్లు, అంటే మధ్యలో సందు 5 సెంటీమీటర్లు. కొత్త బంతి 6.54 నుంచి 6.86 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర సెంటీమీటర్లకి పైగా నలిగి బయటికి వస్తుంది, ఆ పట్టు లేకపోతే జారిపోతుంది. ఒక మోటార్ బోల్టులకి గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడుగు బెజ్జాలు పెట్టండి, తర్వాత సందు సర్దుకోవచ్చు. కరెంట్ ఇవ్వకముందే బంతిని చేత్తో నెట్టి చూడండి, రెండు చక్రాలూ కలిసి తిరగాలి, ఒకటి తిరిగి ఒకటి ఆగితే అలైన్‌మెంట్ తేడా ఉన్నట్టే.

కరెంట్ కి 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీలు రెండు సిరీస్ లో, ఫ్యూజ్ తప్పనిసరి, పెద్ద ఎర్ర స్విచ్ ఒకటి చేతికందేలా పెట్టండి. ప్రతి మోటార్ కి వేరే పీడబ్ల్యూఎం కంట్రోలర్ (నాబ్ తిప్పి మోటార్ స్పీడ్ మార్చేది) కొనండి, ఒకదానితో రెండూ నడపొద్దు, స్పిన్ అంతా రెండు చక్రాల స్పీడ్ తేడాలోనే ఉంది. పై చక్రం ఎక్కువ తిరిగితే టాప్ స్పిన్, బంతి నెట్ దాటాక ఠక్కున కిందికి దిగుతుంది, కింది చక్రం ఎక్కువైతే బ్యాక్ స్పిన్, తేలుతూ వస్తుంది. చక్రాలు, మోటార్లు ఉన్న మొత్తం హెడ్ ని పక్కకి తిప్పి బిగిస్తే సైడ్ స్పిన్, టెన్నిస్ బాల్ తో క్రికెట్ ఆడే పిల్లలకి స్వింగ్ ప్రాక్టీస్ కి ఇదే పనికొస్తుంది.

లెక్క చిన్నదే. 20 సెంటీమీటర్ల చక్రం 1600 ఆర్పీఎం లో తిరిగితే అంచు వేగం గంటకి 60 కిలోమీటర్లు, బంతి కొంచెం జారుతుంది కాబట్టి 1700 దగ్గర పెట్టండి. అవతలి బేస్‌లైన్ నుంచి 20 డిగ్రీల కోణంలో వదిలితే నెట్ మీదుగా హాయిగా దాటి సర్వీస్ లైన్ దగ్గర్లో పడుతుంది, మొదలుపెట్టడానికి ఇది చాలు. ఆర్పీఎం చూపించే చిన్న ట్యాకోమీటర్ ఒకటి కొనుక్కుంటే నిన్నటి సెట్టింగే ఈరోజు కూడా వస్తుంది, నాబ్ మీద గీత గీసుకుని నమ్ముకుంటే బ్యాటరీ దిగేకొద్దీ స్పీడ్ మారిపోతూ ఉంటుంది.

ఇక అసలు తలనొప్పి ఫీడర్, అంటే చక్రాలకి బంతుల్ని ఒక్కోటిగా అందించే భాగం, చాలామంది సగంలో ఆపేసేది ఇక్కడే. బకెట్ అడుగున ఒక బెజ్జం, దానిపైన తిరిగే చెక్క పళ్ళెం, ఆ పళ్ళేనికి 80 ఎంఎం బెజ్జం ఒకటే, తిప్పడానికి 12 వోల్టుల 10 ఆర్పీఎం గేర్ మోటార్, అప్పుడు 6 సెకన్లకి ఒక బంతి పడుతుంది. పళ్ళేనికి రెండు ప్లైవుడ్ ముక్కలు అతికించి మందంగా చేయండి, బంతి సగానికి పైగా లోపల కూర్చోవాలి. అడుగు బెజ్జానికి సరిగ్గా పైన ఒక రేకు మూత ఉండాలి, లేకపోతే పై బంతి కింది బంతి మీద ఎక్కి జామ్ అవుతుంది. ఆ మూత అంచుకి పాత సైకిల్ ట్యూబ్ ముక్క అతికించండి, ఇరుక్కోబోయిన బంతి తగిలితే ట్యూబ్ వంగి దారిస్తుంది, గట్టి రేకు అయితే మోటారే ఆగిపోతుంది. అక్కడి నుంచి వీల్స్ దాకా 75 ఎంఎం పీవీసీ పైపు, కొనేటప్పుడు జేబులో ఒక కొత్త బంతి వేసుకెళ్ళి పైపులో జారుతుందో లేదో అక్కడే చూసుకోండి, కంపెనీని బట్టి గోడ మందం మారుతుంది. గేర్ మోటార్ కి కరెంట్ 24 నుంచి 12 కి దించే బక్ కన్వర్టర్ ద్వారా ఇవ్వండి, ఒక్క బ్యాటరీ మీద నుంచే లాగితే అది ముందే పోతుంది.

బంతుల సంగతి కూడా చెప్పాలి, నూగు పోయి నున్నగా అయినవి, కొత్తవి కలిపి బకెట్ లో పోస్తే ఒకటి నెట్ కి, ఒకటి ఫెన్స్ కి పోతుంది, మెషిన్ ని తిట్టుకుంటాం. ఒకే వయసు బంతులు వేరు చేసి వాడండి, తడిసినవి అసలు వేయొద్దు.

చక్రాల చుట్టూ రేకు కవర్ వేశాకే మొదటిసారి ఆన్ చేయండి, మూతి ముందు ఎవరూ ఉండకూడదు, స్పీడ్ మెల్లగా పెంచుతూ పక్క నుంచి వినండి, ఫ్రేమ్ వణుకుతుంటే ఆపి వీల్ బ్యాలెన్స్ చూడాలి. స్విచ్ ఆపినా చక్రాలు చాలాసేపు తిరుగుతాయి, ఇరుక్కున్న బంతిని అవి పూర్తిగా ఆగాకే తీయాలి, పిల్లలకి ఇది నాలుగుసార్లు చెప్పండి. ఒంటరిగా ఆడేవాళ్ళయితే ఫీడర్ లైన్ లో చిన్న రిమోట్ రిలే (రిమోట్ తో పనిచేసే స్విచ్) ఒకటి పెట్టుకోండి, మీరు బేస్‌లైన్ కి వెళ్ళి నిలబడ్డాక అక్కడి నుంచే ఫీడర్ ఆన్ చేసుకోవచ్చు.